పెద్దపేగు క్షయ: నిర్ధారణకు పట్టే కాలం



మా ప్రొఫెసరుగారి స్మృతిలో ఉపన్యాసం ఇవ్వమని కమిటీవారు అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోవలసిన అవసరం రాలేదు. పెథాలజీ విభాగంలో ఆయన ఏ స్లైడు దగ్గర ఎక్కువసేపు ఆగేవారో మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. పెద్దపేగు బయాప్సీలో గ్రాన్యులోమా కనిపించిందంటే ఆ రిపోర్టు మీద ఆ పూట సంతకం పడేది కాదు. బ్లాక్ తెప్పించి ఇంకా లోతుగా సెక్షన్లు కోయించేవారు. వార్డుకు ఫోన్ చేసి ముక్క ఎక్కడ తీశారు, పుండు అంచునా, అడుగునా, రోగికి జ్వరం ఉందా, ఆసన భాగంలో ఫిస్టులా ఉందా అని అడిగేవారు. ఆ ప్రశ్నలన్నీ ఒక్క సందేహం చుట్టూ తిరిగేవి. ఇది క్షయా, క్రోన్స్ జబ్బా? నేను ఆయన శాఖలో కొనసాగలేదు, గ్యాస్ట్రో వైపు వచ్చేశాను. ఆ సందేహం మాత్రం ఇప్పుడు నా ఓపీలో నా ఎదుట కూర్చుంటోంది. దాని గురించే ఈ రోజు మాట్లాడతాను.

క్షయ మన దేశానికి కొత్త కాదు. ప్రపంచంలో ఏటా క్షయ బారిన పడుతున్నవారిలో దాదాపు నాలుగో వంతు మనవాళ్లే. అయితే ఆ క్షయ పెద్దపేగులో స్థిరపడటం అరుదు. ఒకప్పుడు ఇంత అరుదు కాదు. మందులు లేని రోజుల్లో ఊపిరితిత్తుల క్షయ ముదిరి చనిపోయినవారికి శవపరీక్ష చేస్తే సగానికి పైగా మందిలో పేగులో కూడా పుండ్లు కనిపించేవని పాత పుస్తకాలు చెబుతాయి. కళ్లె మింగితే ఆ క్రిములు పేగులోకి దిగుతాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం నడిచిన తొలి దశాబ్దాల్లో రోగికి దగ్గుతోపాటు విరేచనాలు మొదలైతే జబ్బు పేగుకు పాకిందని డాక్టర్లు గ్రహించేవారు. ఊపిరితిత్తుల జబ్బు కళ్లెదుట ఉండేది కాబట్టి పేగు జబ్బును విడిగా నిరూపించాల్సిన పని అంతగా ఉండేది కాదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే రోగి అలాంటివాడు కాడు. ఛాతీ ఎక్స్‌రే చాలామందిలో శుభ్రంగానే ఉంటుంది. దగ్గు ఉండదు, కళ్లె ఉండదు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి. తిన్న కొంతసేపటికి మెలిపెట్టినట్టు వస్తుంది. పొట్టలో ఏదో బంతిలాంటిది లేచి, గుడగుడమని అటూ ఇటూ కదిలి, సర్దుకుంటుందని రోగులే చెబుతారు. బరువు తగ్గుతుంది, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతుంది, ఆడవాళ్లలో నెలసరి తప్పవచ్చు. ఇక్కడికి వచ్చేలోపు గ్యాస్ అని, అల్సర్ అని, అమీబా అని, పైత్యం అని రకరకాల మందులు వాడి ఉంటారు. ఇంట్లోవాళ్లు కారం మాన్పించి ఉంటారు, పెరుగన్నం మీద పెట్టి ఉంటారు. ఇవన్నీ అయ్యేసరికి నెలలు గడిచిపోతాయి.

కొలనోస్కోపీ చేస్తే చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట, అంటే ఇలియోసీకల్ జంక్షన్ దగ్గర, పుండ్లు కనిపిస్తాయి. పేగు క్షయకు ఇష్టమైన చోటు ఇదే. అక్కడ ఆహారం కాసేపు నిలుస్తుంది, క్రిమికి గోడను తాకే వ్యవధి దొరుకుతుంది. అక్కడ లింఫ్ కణజాలం మెండు, క్రిమి గూడు కట్టుకునేది అందులోనే. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. చిక్కు ఏమిటంటే క్రోన్స్ జబ్బుకు కూడా ఇష్టమైన చోటు అదే. అదే నొప్పి, అదే బరువు తగ్గడం, అదే పుండు, మైక్రోస్కోపు కింద అదే గ్రాన్యులోమా.

ఈ పోలిక ఎంత పాతదో విద్యార్థులు తెలుసుకోవాలి. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని ప్రకటించాక ఇలియోసీకల్ ప్రాంతంలో గోడ దట్టంగా వాచిన పేగు కనిపిస్తే క్షయ అనడం వైద్యులకు అలవాటైంది. క్రిమి కనబడకపోయినా అదే పేరు. 1913లో గ్లాస్గో సర్జన్ కెన్నెడీ డాల్జియల్ తాను చూసిన కొందరు రోగుల గురించి రాస్తూ, చూడటానికి ఇది క్షయలాగే ఉంది, క్రిమి మాత్రం దొరకడం లేదు అన్నారు. పశువులకు వచ్చే జోన్స్ (Johne's) వ్యాధితో దానికి ఉన్న సామ్యాన్ని కూడా చెప్పారు. ఆ పశువ్యాధికి కారణం క్షయ క్రిమికి దాయాది. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి నుంచి క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 14 మంది రోగుల వివరాలతో వ్యాసం ప్రచురించి, ఇది క్షయ కాదు, వేరే జబ్బు అని నిలబడి చెప్పారు. పెద్దపేగుకు కూడా అది వస్తుందని లోకం ఒప్పుకోవడానికి 1960 దాకా పట్టింది. లండన్‌లో లాక్‌హార్ట్ మమ్మెరీ, మార్సన్ రాసిన వ్యాసంతో అది స్థిరపడింది.

పడమటి దేశాల్లో క్షయ తగ్గుముఖం పట్టి క్రోన్స్ పెరిగింది. మన దగ్గర చాలాకాలం క్రోన్స్ లేదనే అనుకున్నారు. 1972లో ఢిల్లీ ఎయిమ్స్ నుంచి టాండన్, ప్రకాశ్ 'గట్' పత్రికలో రాసిన వ్యాసం ఈ రెండింటినీ పేగు ముక్కల్లో ఎలా విడదీయాలో నిదానంగా వివరించింది. మా ప్రొఫెసరుగారి బల్ల సొరుగులో దాని జిరాక్స్ కాపీ ఉండేది. మార్జిన్లు ఆయన పెన్సిల్ రాతతో నిండిపోయి ఉండేవి. ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో క్రోన్స్ రోగులు లేని గ్యాస్ట్రో విభాగం లేదు. క్షయ పోలేదు, క్రోన్స్ వచ్చి పక్కన నిలబడింది. రెండూ సమానంగా సాధ్యమైన చోట వైద్యుడి పని పడమటి దేశాల్లో కన్నా కష్టం.

పొరపాటు జరిగితే ఏమవుతుందో చెప్పాలి. క్షయ ఉన్నవారికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు, ఇమ్యూనిటీని అణచే మందులు ఇస్తే, లోపల అణిగి ఉన్న క్రిమి ఒళ్లంతా పాకుతుంది, పేగుకు చిల్లు పడవచ్చు. 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో, ఆ మందుల్లో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడిన తర్వాత క్షయ బయటపడ్డ 70 మంది వివరాలు వచ్చాయి. అప్పటి నుంచి ఆ మందు మొదలెట్టే ముందు క్షయ కోసం వెతకడం ప్రపంచమంతా నియమమైంది. తిరగేసి చూడండి. క్రోన్స్ ఉన్నవారికి క్షయ మందులు నెలల తరబడి ఇస్తే ఆ కాలమంతా అసలు జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. పేగు ఇరుకైపోయి ఆపరేషన్ దాకా వస్తుంది. క్షయేమోనని ముందు ఆ మందులు వాడిన క్రోన్స్ రోగుల్లో పేగు ఇరుకవడం ఎక్కువని ఎయిమ్స్ బృందమే చూపించింది. మందుల వల్ల కాలేయం దెబ్బతినే ప్రమాదం దీనికి అదనం. రెండు వైపులా నష్టం ఉంది కాబట్టి, ఎటైనా ముందు మొదలెడదాం, చూద్దాం అనే మాట ఇక్కడ చెల్లదు.

మరి ఎలా తేల్చాలి? పీజీలు మొదట అడిగేది ఒక్క పరీక్ష పేరు చెప్పమని. చెప్పలేను. చర్మం మీద చేసే మాంటూ పరీక్ష గానీ, ఇగ్రా అనే రక్తపరీక్ష గానీ క్షయ క్రిమి ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చిందా అన్నది చెబుతాయి, ఇప్పుడు ఈ పుండు ఎవరిదో చెప్పవు. 2019-21 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందిలో ఆ క్రిమి జాడ ఉంది. అంతమందికి పాజిటివ్ వచ్చే పరీక్షతో ఎవరి పేగు సంగతి తేలుతుంది? ఇక క్షయకు ఐజీజీ, ఐజీఎం అంటూ రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్షల్ని కేంద్ర ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. అంతకు ముందు ఏడాదే వాటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అలాంటి రిపోర్టు ఇప్పటికీ ఎవరైనా తెచ్చి చూపిస్తే దాన్ని పక్కన పెట్టండి.

అసలు ఆధారం పేగు ముక్కలో ఉంది. అయితే ఊపిరితిత్తుల క్షయలో కళ్లె నిండా క్రిములు ఉన్నట్టు పేగు గోడలో ఉండవు, చాలా కొద్దిగా ఉంటాయి. జీల్ నీల్సన్ స్టెయిన్‌లో క్రిమి కంటపడాలంటే మిల్లీలీటరుకు 5 వేల నుంచి 10 వేలు ఉండాలి. అందుకే స్లైడు మీద ఎర్రటి క్రిమి కనిపించే రోగులు తక్కువ. కల్చర్‌కు అంతకన్నా చాలా తక్కువ సరిపోతాయి గానీ ఫలితం రావడానికి వారాలు పడుతుంది. ద్రవ మాధ్యమంలో 6 వారాల దాకా, పాత పద్ధతి ఘన మాధ్యమంలో 8 వారాల దాకా చూస్తాం. సీబీనాట్ అనే జన్యు పరీక్ష రెండు గంటల్లో చెబుతుంది, పాజిటివ్ వస్తే దాదాపు నమ్మవచ్చు. నెగటివ్ వస్తే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. సీబీనాట్ నెగటివ్, కాబట్టి క్షయ కాదు అని కేస్ షీట్‌లో రాసిన వాక్యం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ యంత్రం అలా చెప్పలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గర ఆగుతాను. కొలనోస్కోపీ గదిలో ముక్కలు తీశాక అలవాటుగా వాటన్నిటినీ ఫార్మలిన్ సీసాలో వేస్తారు. పెథాలజీకి అది కావలసిందే. ఫార్మలిన్ క్రిమిని చంపుతుంది, ఆ ముక్క ఇక కల్చర్‌కు పనికిరాదు. కొన్ని ముక్కలు విడిగా మామూలు సెలైన్‌లో వేసి వెంటనే మైక్రోబయాలజీకి పంపాలి. ఖర్చు లేదు, నొప్పి లేదు, ఒక సీసా ఎక్కువ, అంతే. ఆ రెండో సీసా లేకపోతే రోగికి మళ్లీ విరేచనాల మందు తాగించి, మళ్లీ గొట్టం వేయాల్సి వస్తుంది. రెండు మూడు ముక్కలు సరిపోవు. పుండు అంచు నుంచి, అడుగు నుంచి కలిపి కనీసం ఎనిమిది పది తీయండి. పైకి బాగున్నట్టు కనిపించే పేగు భాగాల నుంచి కూడా వేరు వేరుగా తీసి, ఏది ఎక్కడిదో రాయండి. దూరంగా ఉన్న ఆరోగ్యకరమైన భాగంలో కూడా సూక్ష్మంగా వాపు కనిపిస్తే క్రోన్స్ వైపు మొగ్గు చూపుతామని వెల్లూరు సీఎంసీకి చెందిన అన్నా పులిమూడ్ బృందం చూపించింది.

అదే బృందం గ్రాన్యులోమాల్ని కొలిచి లెక్కపెట్టి చూపింది. క్షయలో అవి పెద్దవి, ఎక్కువ, ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉంటాయి, మ్యూకోసా కింది పొరలోకి దిగుతాయి. 400 మైక్రాన్లు దాటితే క్షయ వైపు అనుమానం బలపడుతుంది. మధ్యలో జున్నులా చితికిన కేసియేషన్ కనిపిస్తే ఇక దాదాపు క్షయే. క్రోన్స్‌లో అవి చిన్నవి, అక్కడొకటి ఇక్కడొకటి. చిక్కంతా ఆ చిన్న బయాప్సీ ముక్కలో కేసియేషన్ దొరకడం అరుదు కావడమే. మా ప్రొఫెసరుగారు లోతుగా కోయించింది ఇందుకే. మొదటి సెక్షన్‌లో లేనిది పన్నెండో సెక్షన్‌లో కనిపించిన సందర్భాలు మేం కళ్లారా చూశాం.

కెమెరా కూడా కొంత చెబుతుంది. పేగు గోడలో లింఫ్ నాళాలు పేగును చుట్టినట్టు అడ్డంగా పోతాయి. క్షయ పుండు వాటి వెంట పోతుంది కాబట్టి అడ్డంగా, ఉంగరంలా ఉంటుంది. మానినప్పుడు అదే ఉంగరం బిగుసుకుని పేగు ఇరుకవుతుంది. ఇలియోసీకల్ కవాటం మూసుకోక తెరుచుకునే ఉంటుంది. క్రోన్స్‌లో పుండ్లు పేగు పొడవునా పోతాయి, మధ్య మధ్య చిన్న ఆఫ్తస్ పుండ్లు, రాళ్లు పరిచినట్టున్న మ్యూకోసా, ఆసన భాగంలో జబ్బు. 2006లో కొరియా వైద్యులు ఈ లక్షణాల్ని అటు నాలుగు, ఇటు నాలుగుగా విభజించి లెక్కగట్టే పద్ధతి చెప్పారు. సీటీలో పేగు పక్కనున్న లింఫ్ గ్రంథులు మధ్యలో చితికినట్టు కనిపిస్తే క్షయ వైపు మొగ్గుతాం. పొట్ట లోపలి కొవ్వును చర్మం కింది కొవ్వుతో పోల్చే లెక్క కూడా ఉంది, క్రోన్స్‌లో లోపలి కొవ్వు ఎక్కువ. ఇవన్నీ మొగ్గు చూపేవే, తీర్పు చెప్పేవి కావు. ఒక్కటి మాత్రం రోగి వయసు చూసి మరవకండి. నడివయసు దాటినవారిలో ఇలియోసీకల్ ప్రాంతంలో కనిపించే గడ్డ క్యాన్సర్ కావచ్చు. అమీబా గడ్డ కావచ్చు, అరుదుగా ఆక్టినోమైకోసిస్ కావచ్చు.

ఇన్ని చేసినా కొందరిలో తేలదు. అప్పుడు ముందు క్షయ మందులు ఇచ్చి చూస్తాం. మన దేశంలో ఇది తప్పనిసరైన దారి, సిగ్గుపడాల్సిన దారి కాదు. కాని ఆ చూడడం ఎప్పుడు, ఎలా అన్న దగ్గరే మనం సగం పనిచేసి వదిలేస్తున్నాం.

రోగి మందులు మొదలెట్టిన నెల రోజులకు వచ్చి ఆకలి వేస్తోంది, జ్వరం పోయింది, రెండు కిలోలు పెరిగాను అంటాడు. మనమూ సంతోషిస్తాం, సరే క్షయే అని రాసేస్తాం. ఆ సంతోషం ఆధారం కాదు. ఎయిమ్స్‌లో వినీత్ అహూజా బృందం చూసిన దాని ప్రకారం, క్రోన్స్ ఉన్నవారిలో కూడా మూడో వంతుకు పైగా మందికి క్షయ మందుల మీద మూడు నెలల్లో బాధ తగ్గింది. అయితే పేగులో పుండు మానింది మాత్రం నిజంగా క్షయ ఉన్నవారిలోనే. క్రోన్స్ రోగుల్లో మానినవారు బహు కొద్దిమంది. అంటే రోగి మాట విని తేల్చలేం, పేగు చూసి తేల్చాలి. రెండు మూడు నెలల మధ్య మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండు మానిందో లేదో కళ్లారా చూడాలి. నా దృష్టిలో ఇది చికిత్సను పరిశీలించడం కాదు, నిర్ధారణలో రెండో భాగం. మొదటి రోజు మొదలైన నిర్ధారణ ఆ రోజుకు గాని పూర్తి కాదు.

అక్కడ రోగి అడిగే ప్రశ్న మీకందరికీ తెలుసు. "తగ్గింది కదా డాక్టరుగారూ, మళ్లీ ఆ గొట్టం ఎందుకు?" ఆ ప్రశ్నకు జవాబు రెండో నెలలో చెప్పడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. మందులు రాసే రోజే చెప్పాలి. "అమ్మా, ఇది క్షయ అని మా అనుమానం. అనుమానమే, నిశ్చయం కాదు. రెండు నెలల తర్వాత పుండు చూస్తేనే మాకూ మీకూ తెలుస్తుంది. ఆ రోజు మానకుండా రండి." ఇలా చెప్పిన రోగులు చాలావరకు వస్తారు. క్షయ అని ఖాయంగా చెప్పి పంపిన రోగి రాడు. రావాల్సిన అవసరం అతనికి కనపడదు. మనకు తెలియదన్న సంగతి రోగికి చెబితే నమ్మకం పోతుందని కొందరు భయపడతారు. నా అనుభవం దానికి విరుద్ధంగా ఉంది.

పుండు మానింది అనుకోండి, మొత్తం ఆరు నెలల మందులు సరిపోతాయి. ఒకప్పుడు తొమ్మిది, పన్నెండు నెలలు ఇచ్చేవాళ్లం. 2015లో గోవింద్ మఖారియా బృందం పలు ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం ఆరు నెలలు తొమ్మిదికి సమానమని చూపింది, 2016 జాతీయ మార్గదర్శకాలు దాన్నే చెప్పాయి. పుండు మానలేదు అనుకోండి. అది క్రోన్స్ కావచ్చు, లేదా మందులకు లొంగని క్షయ కావచ్చు. ఈ రెండిటినీ విడదీసేది ఏది? మొదటి రోజు సెలైన్‌లో పంపిన ఆ రెండో సీసా. కల్చర్‌లో క్రిమి పెరిగి ఉంటే ఏ మందుకు లొంగుతుందో ఆపాటికి తెలిసి ఉంటుంది. లేకపోతే చీకట్లో మందులు మార్చడమే.

జరగకూడని తీరు ఏమిటో కూడా చెబుతాను. ఒకావిడ, పేరు, ఊరు చెప్పను, మూడు చోట్ల మూడు విడతలుగా క్షయ మందులు వాడి మా దగ్గరికి వచ్చింది. ప్రతి విడతలోనూ మొదట బాగుండటం, తర్వాత తిరగబెట్టడం. మధ్యలో ఒక్కసారి కూడా ఎవరూ పేగు చూడలేదు. మొదటి బయాప్సీ బ్లాక్ మాత్రం ఆవిడ కొడుకు భద్రంగా ఉంచాడు. మా ప్రొఫెసరుగారు అప్పటికే రిటైరయ్యారు. ఆ బ్లాక్ పట్టుకెళ్లి ఇంటి దగ్గర ఇస్తే మూడు రోజులు ఉంచుకుని, కొత్త సెక్షన్లు తీయించి, ఫోన్ చేసి, చిన్న గ్రాన్యులోమాలు, విడివిడిగా ఉన్నాయి, క్షయ అని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు అన్నారు. క్రోన్స్ అని కూడా చెప్పలేదు. ఆ మాటను అక్కడికే ఆపడం ఆయన నేర్పిన వైద్యం. తర్వాత చేసిన కొలనోస్కోపీలో తేలింది, అది క్రోన్సే. అప్పటికే పేగు ఒక చోట ఇరుకైపోయింది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఇదే కథ తలకిందులుగా జరిగే అవకాశం ఉంది. డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో తెలుగు కుర్రాడికి ఇలియోసీకల్ ప్రాంతంలో పుండు కనిపిస్తే అక్కడి వైద్యుడికి ముందు తట్టేది క్రోన్స్. అక్కడ అది సామాన్యం, క్షయ అరుదు. ఎక్కడ పుట్టారు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా, చిన్నప్పుడు తాతగారు ఏళ్ల తరబడి దగ్గేవారా అన్న సంగతులు అడగకముందే చెప్పమని మీ పిల్లలకు చెప్పండి. ఇగ్రా నెగటివ్ వచ్చినంత మాత్రాన ఆ అనుమానం కొట్టేయకూడదని కూడా.

ఇంత చెప్పాక పని మాట రెండు ముక్కల్లో. ఎండోస్కోపీ గదుల్లో ఫార్మలిన్ సీసా పక్కన సెలైన్ సీసా తప్పక ఉండాలి, రిక్విజిషన్ స్లిప్ మీద బయాప్సీ అన్న ఒక్క మాటతో పెథాలజీకి పంపకూడదు. పేగు క్షయ అనుమానంతో మందులు మొదలుపెట్టిన ప్రతి చీటీ మీద తిరిగి పేగు చూసే తేదీ ఆ రోజే రాయాలి. ఆ రెండో కొలనోస్కోపీకి డబ్బులు చాలక ఆగిపోతున్నవారు ఉన్నారు. వాళ్లను ఆదుకునే బాధ్యత మన సంఘం తీసుకోవచ్చు. ఈ స్మారక నిధిలో ఏటా బంగారు పతకానికి పోగా మిగిలేది దీనికి వాడమని కమిటీవారిని, ముందు వరసలో కూర్చున్న ప్రొఫెసరుగారి ఇంటి అమ్మగారి సమక్షంలోనే అడుగుతున్నాను. మొదటి ఏడాది అయ్యే ఖర్చు నా వంతుగా ఇస్తానని కార్యదర్శిగారికి ఉత్తరం రాసి ఇచ్చాను. తక్కిన సంవత్సరాల సంగతి ఈ సభ ముగిసేలోపు మీలో కొందరు తేల్చి, కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించాలని నా మనవి.